సిమ్యులేటర్ సాధన ట్రాక్‌పై అక్కరకొస్తుందా?

కంప్యూటర్ తెరపై కారు నడిపినవారు అసలు ట్రాక్‌పై రాణించగలరా? బ్రిటన్ యువకుడు యాన్ మార్డెన్‌బరో 2011లో 'గ్రాన్ టూరిస్మో' వీడియోగేమ్ పోటీ ద్వారా ఎంపికయ్యారు. అసలు కార్లపై శిక్షణ పొంది, 2013లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసులో సహచరులతో కలిసి తన విభాగంలో మూడో స్థానం సాధించారు.

మలుపు ఎలా తిరగాలి, బ్రేకు ఎక్కడ వేయాలి అన్నవి సిమ్యులేటర్‌పై వందలసార్లు సాధన చేయవచ్చు. టైర్లు అరగవు, ఇంధనం ఖర్చు కాదు. అయితే వేగంలో మెడపై పడే ఒత్తిడి, ప్రాణభయం అక్కడ అనుభవంలోకి రావు. 2015లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌పై మార్డెన్‌బరో కారు గాలిలోకి లేచి కంచె దాటగా, ఒక ప్రేక్షకుడు మరణించారు. ఎంతటి డ్రైవరుకైనా ట్రాక్‌పై ముప్పు తప్పదు. తెరపై పొరపాటు జరిగితే ఆట మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. సిమ్యులేటర్ తొలిమెట్టు మాత్రమే.