నిరాశ అవిశ్వాసం కాదు: జెబెల్ అలీ విశ్వాసుల అపోహలు – వాస్తవాలు

దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు 1979లో, దాన్ని ఆనుకుని ఫ్రీ జోన్ 1985లో మొదలయ్యాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి వెళ్లిన మనవాళ్లు అక్కడి గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో, కంటైనర్ యార్డుల్లో పని చేస్తున్నారు. వారిలో క్రైస్తవులకు ఒక ఊరట ఉంది. జెబెల్ అలీలోనే పాలకులు ఇచ్చిన స్థలంలో సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ క్యాథలిక్ చర్చి, ఆంగ్లికన్ల క్రైస్ట్ చర్చి, దుబాయ్ ఇవాంజెలికల్ చర్చ్ సెంటర్ దగ్గర దగ్గరగా ఉన్నాయి. గురుద్వారా 2012లో, హిందూ ఆలయం 2022లో అదే చోట వెలిశాయి. ఆదివారం డ్యూటీ ఉన్నవారికి శుక్రవారం ఆరాధన ఉంటుంది.

ప్రార్థించుకోవడానికి చోటు దొరికింది. ఇబ్బందల్లా ప్రార్థనకు జవాబు రానప్పుడే. వీసా రద్దయినవారికి, ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరనివారికి తోటి విశ్వాసులు ఓదార్పుగా చెప్పే మాటల్లో కొన్ని బైబిలుకే పొసగవు. వాటిని సరిచేయాలి.

అపోహ: వాగ్దాన వచనం వచ్చింది కాబట్టి ఈ ఏడాది వీసా ఖాయం.

వాస్తవం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తెలుగు సంఘాలు పంచే వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29:11 తరచుగా కనిపిస్తుంది. దేవుని ఆలోచనలు మన మేలుకేనని, మనకు నిరీక్షణ కలిగించేవని చెప్పే వచనం అది. గల్ఫ్ క్యాంపు గదిలో మంచం పక్కన గోడకు అంటించుకోవడానికి అంతకన్నా తగిన మాట దొరకదు. అయితే దాన్ని దాని ఉత్తరంతో కలిపి చదవాలి.

అది బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. సరిగ్గా ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల గడువు ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది సొంతూరు చూడకుండానే కన్నుమూస్తారన్నమాట. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త జనానికి ఇంకో మాట చెప్పాడు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని, చెరలో ఉన్నవారు తిరిగి వస్తారని. రెండేళ్ల కాంట్రాక్టు మీద బతికేవారికి ఆ లెక్క ఎంత తీయగా వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు. యిర్మీయా కూడా ముందు ఆమేన్ అన్నాడు, అలాగే జరిగితే బాగుండునన్నాడు. కానీ దేవుడు హనన్యాను పంపలేదని తర్వాత తేలింది.

మరి డెబ్బై ఏళ్ల చెరలో ఉన్నవారికి ఆ ఉత్తరం ఏం చెప్పింది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని. దేవుని మేలు ఊరికి తిరిగొచ్చిన రోజున మొదలు కాదు, పరాయిచోట గడిచే మామూలు రోజుల్లోనూ ఉంటుందని దాని సారం. వీసా తేదీకి హామీ కన్నా ఇది చాలా పెద్ద వాగ్దానమని నా నమ్మకం.

అపోహ: దేవుణ్ణి ‘ఎందుకు’ అని అడగకూడదు, ఏడవకూడదు.

వాస్తవం: అలాగైతే 150 కీర్తనల్లో మొరపెట్టే కీర్తనలన్నీ తీసేయాలి. 13వ కీర్తన ఇంకెంతకాలమని పదే పదే అడుగుతుంది. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. అయినా దాన్ని లేఖనంలోనే ఉంచారు. ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. సిలువ మీద యేసు తన తండ్రిని ‘ఎందుకు’ అనే అడిగాడు. అలా అడగడం పాపమైతే ఆయన పాపరహితుడని మనం ఒప్పుకోలేం.

అపోహ: నీలో దాచిన పాపం ఉంది, లేదా దశమ భాగం ఎగ్గొట్టావు, అందుకే ఉద్యోగం పోయింది.

వాస్తవం: యోబు స్నేహితులు అతనితో సరిగ్గా ఇలాగే వాదించారు. పుస్తకం చివర దేవుడు కోపించింది వారి మీద. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు.

ఇక జరిగినవి చూద్దాం. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పులు కట్టడానికి గడువు కోరింది. జెబెల్ అలీ ఫ్రీ జోన్, పక్కనున్న రేవు ఆ సంస్థ గొడుగు కిందివే. ఆ మాంద్యంలో దుబాయ్ అంతటా ఉద్యోగాలు పోయాయి. 2020లో కరోనా వల్ల మళ్లీ పోయాయి. అలా ఇంటిముఖం పట్టినవారిలో క్రమం తప్పకుండా కానుకలు వేసినవారూ ఉన్నారు. ప్రపంచ వాణిజ్యం కుంగినప్పుడు ఒక గోదాము హెల్పర్ కానుకల కవరు వైపు వేలు చూపడం నిర్దయ.

అపోహ: నిజమైన విశ్వాసి మోకరిస్తాడు, ఫిర్యాదు చేయడు.

వాస్తవం: పౌలు రోమా పౌరుడిగా తన హక్కు అడిగాడు, చివరికి కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనతో ఆగలేదు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి పని ఇప్పించాడు.

మీకున్న హక్కులు తెలుసుకోండి. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు, పాస్‌పోర్టు కంపెనీ పట్టి ఉంచకూడదు. భారత్‌లో లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. 2023 జనవరి నుంచి యూఏఈలో ఉద్యోగ నష్ట బీమా తప్పనిసరి. మూల వేతనం 16 వేల దిర్హమ్‌ల లోపు వారికి ప్రీమియం నెలకు 5 దిర్హమ్‌లు. కనీసం 12 నెలలు కట్టి, తన తప్పు లేకుండా ఉద్యోగం పోయినవారికి మూల వేతనంలో 60 శాతం గరిష్ఠంగా 3 నెలలు వస్తుంది. జీతం ఆగితే ఫ్రీ జోన్ అధికారుల దగ్గర ఫిర్యాదు చేయండి. భారత కాన్సులేటు సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342.

అపోహ: వట్టి చేతులతో ఊరికి తిరిగొస్తే దేవుడు విడిచినట్టే.

వాస్తవం: నయోమి మోయాబు నుంచి బేత్లెహేముకు రిక్తురాలిగా వచ్చానని ఊరందరి ముందూ చెప్పుకుంది. ఆ మాటన్నందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. దావీదు వంశం ఆ ఇంటి నుంచే సాగింది.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. సాక్ష్యాల సమయంలో వీసా వచ్చినవారినే ముందుకు పిలుస్తున్నారు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం వాగ్దానం అందుకోకుండానే చనిపోయినవారిని కూడా విశ్వాసులుగానే లెక్కించింది. ఈ శుక్రవారం, ఇంకా జవాబు రానివారికి కూడా మైకు ఇవ్వండి. వారు చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో వచనం అందుకోకండి.