డాబా మెట్లు: కొలత తప్పితే కాలు తప్పుతుంది

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టేటప్పుడు ఆడవాళ్లను అడిగే విషయాలు కొన్ని ఉన్నాయి. వంటగట్టు ఎంత ఎత్తుండాలి, దేవుడి గది ఎటుండాలి, బట్టలుతికే బండ ఎక్కడ వేయించాలి... ఈమాత్రం అడిగే ఇళ్లు ఇప్పుడు చాలానే కనబడుతున్నాయి. సంతోషమే! కానీ బయటినుంచి డాబా మీదికి వెళ్లే మెట్ల సంగతి ఎవరూ ఎవరినీ అడగరు. అది మేస్త్రీకి వదిలేస్తారు. గదులన్నీ గీసుకున్నాక, ప్రహరీకీ గోడకీ మధ్య మిగిలిన సందులో మెట్లు ఇమడాలి. ఇమడకపోతే మెట్లే ఇరుకవుతాయి గానీ, హాలు ఒక్క అడుగు కూడా తగ్గదు.

మరి ఆ మెట్లు రోజూ ఎక్కి దిగేది ఎవరు? పొద్దున్నే బకెట్టెడు తడిబట్టలతో, ఎండాకాలంలో వడియాల పిండితో, మిరపకాయల చాటతో, మబ్బు పట్టగానే అవన్నీ దించడానికి పరుగు పరుగున... మనమే కదా! రెండు చేతుల్లో బరువుంటుంది. చీర కుచ్చెళ్లు కాళ్లకు అడ్డం పడతాయి. బకెట్టు చాటున మెట్టు కనిపించదు. ఇంత ఇబ్బందితో ఎక్కేవాళ్లకే మెట్ల గురించి చెప్పే అవకాశం లేకపోతే ఎలా?

గనిలో రూలుంది, గడపలో లేదు

మాది మందమర్రి. సింగరేణి బొగ్గుగనుల ఊరు. ఇక్కడ చాలామంది సంసారం కంపెనీ క్వార్టర్లలోనే గడుస్తుంది. రిటైరయితే క్వార్టరు ఖాళీ చేయాలి. అందుకని సర్వీసు ఇంకా నాలుగైదేళ్లుందనగానే ప్రావిడెంటు ఫండూ గ్రాట్యుటీ లెక్కలు వేసుకుని, వంద గజాల జాగాలో ఇల్లు మొదలుపెడతారు. జీవితంలో ఒక్కసారి కట్టే ఇల్లది.

గనిలోకి దిగే మనిషికి ఎన్ని జాగ్రత్తలో చూడండి. 1952లోనే గనుల చట్టం చేశారు. దాని కింద బోలెడు నియమాలు వచ్చాయి. అవి పాటిస్తున్నారో లేదో చూడ్డానికి ధన్‌బాద్ కేంద్రంగా గనుల భద్రతా డైరెక్టరేటు ఉంది. పనిలో చేరగానే ట్రైనింగు, నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, టోపీకి లైటు. కార్మికులు పనిచేసే చోటును సర్దారు పరీక్ష చేయాలి. మనుషులు నడిచే దారి ఎంత ఎత్తుండాలో కూడా రాసి పెట్టారు.

మా వీధిలో ఒకాయన ముప్పయి మూడేళ్లు గనిలో చేసి, ఒంటిమీద గాయం లేకుండా రిటైరయ్యాడు. కొత్తింట్లోకి వచ్చిన మూడో నెలలో ఆయన భార్య డాబా మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది. పడ్డది పైనుంచి కాదు, చిట్టచివరి మెట్టు దగ్గర. చూడబోతే, "దిగిన అనే అనుకున్న వదినె, నేల ఇంకా కిందికే ఉన్నది" అంది.

తర్వాత వాళ్లబ్బాయి టేపు పెట్టి కొలిస్తే సంగతి తేలింది. మెట్లన్నీ ఏడున్నర అంగుళాలు, చివరిది మాత్రం తొమ్మిదిన్నర. వాకిట్లో బండలు పరుస్తారని మేస్త్రీ రెండంగుళాలు వదిలి మెట్లు కట్టాడు. డబ్బులు చాలక బండలు తర్వాత చూద్దామనుకున్నారు. ఆ రెండంగుళాలు అలాగే ఉండిపోయాయి. ఇల్లంతా తన చేతి మీద నడిపిన మనిషి, ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటి దాకా వచ్చి ఆగుతుంది.

కాలికి లెక్క తెలుసు

మెట్లు ఎక్కేటప్పుడు మనం ప్రతి మెట్టునూ చూడం. మొదటి రెండు మూడు మెట్లకే కాలు ఎత్తు నేర్చుకుంటుంది. ఆ తర్వాత అదే లెక్కన లేస్తుంది, అదే లెక్కన దిగుతుంది. మధ్యలో ఒక్కటి తేడాగా ఉంటే, ఎక్కేటప్పుడు వేలు తగిలి బోర్లా పడతాం. దిగేటప్పుడు పాదం గాల్లో తేలిపోతుంది. అందుకే అన్నీ కాస్త ఎత్తుగా ఉన్న మెట్లకన్నా, ఒక్కటి తేడాగా ఉన్న మెట్లు ప్రమాదం.

"పడితే ఏముంది, లేస్తాం" అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం, ప్రపంచం మొత్తం మీద కిందపడి చనిపోయేవాళ్లు ఏటా దాదాపు 6,84,000 మంది. ప్రమాదాల వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఇందులో మెట్ల మీద పడ్డవాళ్లే కాక అన్ని రకాలుగా పడ్డవాళ్లూ ఉన్నారు. అయినా అలక్ష్యం చేసే విషయమైతే కాదు కదా.

ఎత్తెంత? వెడల్పెంత?

మన దేశంలో ఇళ్ల నిర్మాణానికి నేషనల్ బిల్డింగ్ కోడ్ అని ఒక పెద్ద పుస్తకం ఉంది. మొదటిసారి 1970లో వచ్చింది. తర్వాత 1983, 2005, 2016లలో సవరించారు. అందులో ఇంటి మెట్లకు చెప్పిన కొలతలు ఇవి: మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదు. పాదం పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు, అంటే పది అంగుళాలకు తగ్గకూడదు. మెట్ల వెడల్పు ఒక మీటరు. రెండంతస్తుల వరుస ఇళ్లకైతే ముప్పావు మీటరు చాలు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. మీ వాకిలి నేలనుంచి డాబా పైభాగం దాకా పదడుగుల ఆరంగుళాలు అనుకుందాం. అంటే 126 అంగుళాలు. మెట్టు ఏడంగుళాల ఎత్తయితే సరిగ్గా 18 మెట్లు వస్తాయి. అన్నీ ఒకే వరుసలో పెడితే పాదాల చోటుకే 14 అడుగుల 2 అంగుళాల పొడవు కావాలి. అంత లేకపోతే తొమ్మిదేసి చొప్పున రెండు వరుసలు చేసి, మధ్యలో చప్టా పెట్టి మలుపు తిప్పాలి. అప్పుడు పొడవు దాదాపు పదడుగులు, అడ్డం ఆరున్నర అడుగుల పైన పడుతుంది. చప్టా ఉంటే మోకాళ్ల నొప్పులవాళ్లు కాసేపు నిలబడి ఊపిరి తీసుకోవచ్చు. పడ్డా నేలదాకా దొర్లకుండా ఆపుతుంది.

ఇంతచోటు ఇవ్వడం ఇష్టంలేక మేస్త్రీలు ఏం చేస్తారంటే, ఎత్తు తొమ్మిదంగుళాలు, పాదం చోటు ఎనిమిదంగుళాలు చేస్తారు. అప్పుడు మెట్లు 14 మాత్రమే. పొడవు 8 అడుగుల 8 అంగుళాలతో సరిపోతుంది. అయిదున్నర అడుగులు మిగిలాయని ఇంటాయనకు సంతోషం. అది ఎక్కితే మెట్లెక్కినట్టుండదు, నిచ్చెనెక్కినట్టు ఉంటుంది. దిగేటప్పుడు మడమ పట్టక పాదం అడ్డంగా పెట్టి దిగాలి.

ఇంకో పాత కొలమానం కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో బ్లోండెల్ అనే వాస్తుశిల్పి చెప్పింది. రెండు మెట్ల ఎత్తు, ఒక పాదం చోటు కలిపితే మనిషి అడుగు దూరానికి సమానం కావాలన్నాడు. మన అంగుళాల్లో 24, 25 దగ్గర వస్తే నడక హాయిగా ఉంటుంది. ఏడూ ఏడూ పదీ కలిపి చూడండి, సరిగ్గా 24!

నేల మీద గీసి చూడండి

మా ఇల్లు కట్టేటప్పుడు ప్లాను చూసి నాకు మెట్ల సంగతి అర్థం కాలేదు. కాగితం మీద చిన్న గీతలే కదా. అందుకని పునాదులు తీయకముందే ఖాళీ జాగాలో సుద్దముక్కతో మెట్లన్నీ అసలు కొలతకు గీశాను. రెండు మూడు మెట్ల ఎత్తుకు ఇటుకలు పేర్చి, చేత బకెట్టు పట్టుకుని ఎక్కి దిగి చూశాను. మేస్త్రీ నవ్వాడు.

"ఏం పరేషాన్ గావద్దమ్మా, ఊర్ల అందరి ఇండ్లకు గిట్లనే కట్టిన" అన్నాడు.

"మీరూ ఒకసారి బకెట్టు పట్టుకొని దిగి చూడండి మేస్త్రీ" అన్నాను.

దిగి చూశాడు. పాదం అడ్డంగా తిప్పుకునే దిగాడు. అంతే, ముందుగది ఒకటిన్నర అడుగు తగ్గింది. మా మెట్లకు ఆ చోటు వచ్చింది. మావారు నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు గానీ, ఇప్పుడు నీళ్ల ట్యాంకు చూడటానికి ఎక్కేది ఆయనే.

పై పూతలు, కింది బండలు ఎంత మందం వస్తాయో ముందే అడిగి, అవి కలిపిన తర్వాతి ఎత్తును సమానంగా పంచమనండి. మెట్లకు బేసి సంఖ్య ఉండాలని కొందరి నమ్మకం. దానికీ అడ్డేమీ లేదు. 126 అంగుళాలను 17తో భాగిస్తే మెట్టు ఏడున్నరకు కాస్త తక్కువ, 19తో భాగిస్తే ఆరున్నరకు కాస్త ఎక్కువ. రెండూ పనికొస్తాయి. అంతా అయ్యాక సంఖ్య కుదరలేదని చివర్లో మూడంగుళాల పిల్లమెట్టు అతికించడమే ప్రమాదం.

వానకు తడిసే మెట్లు

బయటి మెట్లు ఎండకు ఎండి వానకు నానుతాయి. మొదటి వానకు మెట్ల మీది దుమ్మంతా మెత్తటి బురదయి జారుతుంది. కాబట్టి పాలిష్ గ్రానైటు, నున్నటి టైల్సు వద్దు. గరుకు బండలు గానీ, గీతలు పెట్టిన సిమెంటు గానీ మేలు. నీళ్లు నిలవకుండా ప్రతి మెట్టుకూ కొద్దిగా వాలు ఇవ్వాలి.

కాంక్రీటు మెట్లయితే వానకు తడిసే చోట సలాకలకూ బయటి ముఖానికీ మధ్య 30 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి. లేకపోతే లోపల తుప్పు పట్టి పెచ్చులు రాలతాయి. గోడలోంచి గాల్లోకి పొడుచుకొచ్చే మెట్లు కట్టిస్తే మరీ జాగ్రత్త. వాటికి ముఖ్యమైన సలాకలు పైభాగాన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కి అవి కిందికి దిగిపోతే, మెట్టు ఒకరోజు విరుగుతుంది. ఇలాంటివి ఇంజనీరు చూపులేకుండా కట్టించొద్దు. నీళ్లు పట్టడం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పీపీసీ సిమెంటుకు పది రోజులు. ఈ పని ఎలాగూ మనమీదే పడుతుంది కాబట్టి తేదీ గోడమీద రాసుకోండి.

చోటు తక్కువని ఇనుప మెట్లు పెట్టించుకునేవాళ్లు, స్తంభాల అడుగు మట్టిలో పాతకుండా కాంక్రీటు దిమ్మె మీద నిలబెట్టించాలి. ఏటా వానల ముందు అడుగు భాగం, వెల్డింగు అతుకులు చూసి రంగు వేయించాలి.

అమెరికాలో మనవాళ్ల ఇళ్ల వెనక చెక్కతో కట్టిన డెక్కులూ, వాటికి మెట్లూ ఉంటాయి. అక్కడ చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇళ్ల కోడ్‌లో, ఒకే వరుసలోని మెట్ల ఎత్తుల మధ్య తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు దాటకూడదని ఉంది. అయినా 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్టుమెంటు బాల్కనీ కూలి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. నీళ్లు చేరి లోపలి చెక్క కుళ్లిపోవడమే కారణం. తర్వాత 2018లో అక్కడ అపార్టుమెంట్ల బాల్కనీలనూ బయటి మెట్లనూ తనిఖీ చేయించాలని చట్టం చేశారు. చెక్కయినా ఇనుమయినా, నీటి పని లోపలే సాగుతుంది.

పట్టుకోవడానికి ఏదీ?

మా ఊళ్లో ఎన్ని ఇళ్లకో రెయిలింగు లేని మెట్లే. "గృహప్రవేశం అయినంక పెట్టిద్దాం" అంటారు. ఏళ్లు గడిచిపోతాయి. రెయిలింగు మీటరు ఎత్తుంటే మంచిది. కడ్డీల మధ్య సందు నాలుగంగుళాలకు మించితే పసిపిల్లల తల దూరుతుంది. డాబా చుట్టూ పిట్టగోడ కూడా మీటరుకు తగ్గకూడదు.

మెట్ల పక్కగా కరెంటు తీగలున్నాయేమో చూసుకోండి. వీధిలోని మామూలు తీగలకూ, 11 కేవీ తీగలకూ ఇంటినుంచి అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. తడిబట్ట దులిపితే చాలు, అనర్థం జరగొచ్చు. కిందా పైనా రెండుచోట్ల పనిచేసే స్విచ్చుతో ఒక లైటు పెట్టించండి.

ఇల్లు కట్టేసి ఉంటే?

మెట్లు పగలగొట్టనక్కర్లేదు. మొదట టేపు పెట్టి ప్రతి మెట్టూ కొలవండి. కింది మెట్టు ఎత్తయితే ముందు వాకిలిని ఎత్తు చేయించండి, లేదా బండలు పరిపించండి. మెట్ల అంచులకు తెల్ల రంగో పసుపు రంగో వేయండి. పాచి పట్టనివ్వకండి. ఒకవైపైనా గొట్టం రెయిలింగు వేయించండి. బట్టలకు బకెట్టు బదులు భుజానికి తగిలించుకునే సంచి వాడితే ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది.

ఈ ఆదివారం ఇంటాయన చేతికి టేపు ఇచ్చి, మీరు కాగితం పట్టుకుని కూర్చోండి. పది నిమిషాల పని. ఏ మెట్టు ఎంతో రాసుకోండి. తేడా ఉన్నది కనబడితే ఆ వారమే మేస్త్రీని పిలిపించండి. దసరాకో, సంక్రాంతికో అని వాయిదా వేయకండి.