వెదుకులాటలో వేగమా, జ్ఞాపకమా?

ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లాలో ఉంది, కొత్తవలస విజయనగరం జిల్లాలో ఉంది. ఈ రెండు జిల్లాల ఊళ్ల జాబితాను కంప్యూటరుకు ఇచ్చి, ‘వలస’తో ముగిసే పేర్లన్నీ చూపమని అడగవచ్చు. ముందు ఏ అక్షరాలున్నా సరే, చివర ‘వలస’ ఉంటే చాలు. ఇలా మాటల రూపాన్ని తెలిపే నమూనాను ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అంటారు. అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950ల్లో దీనికి పునాది వేశాడు.

నమూనాతో అక్షరాలను పోల్చి చూసే పద్ధతులు ముఖ్యంగా మూడు. వాటి తేడా ఏమిటో జీడిపిక్కలతో తెలుసుకుందాం.

30 జీడిపిక్కలను వరుసగా పేర్చండి. మన నమూనా ఇది: “ఒకటి గాని, అంతకన్న ఎక్కువ గాని జీడిపిక్కలు చేరితే ఒక కుప్ప. కుప్పలు ఎన్నయినా ఉండవచ్చు. అన్నిటికీ చివర ఒక చింతపిక్క ఉండాలి.” మన వరుసలో చింతపిక్క లేదు. కాబట్టి ఇది నమూనాకు సరిపోదని మీరు చూడగానే చెప్పేస్తారు. మరి కంప్యూటరు?

మొదటిది వెనక్కు తిరిగే పద్ధతి. ఒక దారి పట్టుకొని పోవడం, అది మూసుకుపోతే వెనక్కు వచ్చి మరో దారి పట్టడం. ముందు 30 పిక్కలూ ఒకే కుప్ప అనుకుంటుంది. చివర చింతపిక్క లేదు. వెనక్కు వచ్చి 29, 1 చొప్పున రెండు కుప్పలు చేస్తుంది. అప్పుడూ లేదు. 30 పిక్కల మధ్య 29 సందులుంటాయి. ప్రతి సందు దగ్గరా విడగొట్టవచ్చు, మానవచ్చు. అంటే 2ను 29 సార్లు వేసి గుణించాలి. వచ్చేది 53,68,70,912! ఒక్క పిక్క పెరిగితే పని రెట్టింపవుతుంది. అయితే దీనికి జ్ఞాపకం, అంటే మెమరీ, కొద్దిగా చాలు. తిరిగి రావలసిన చోట్లు గుర్తుంటే సరి.

రెండవ పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ప్రకటించాడు. ఇందులో వెనక్కు తిరగడమే లేదు. ఒక్కొక్క పిక్కను చూస్తూ, “నమూనాలో నేనిప్పుడు ఎక్కడెక్కడ ఉండవచ్చు?” అని చిన్న పట్టీ రాసుకుంటుంది. ఒకే చోటికి కోటి దారులున్నా పట్టీలో ఆ చోటు ఒక్కసారే ఉంటుంది. అందుచేత 30 పిక్కలకు 30 అడుగులే. కాని ప్రతి అడుగులోనూ పట్టీ తిరగరాయాలి. ఆ శ్రమ వల్ల సులువైన నమూనాల్లో మొదటి పద్ధతే దీనికన్న ముందుండవచ్చు.

అనేక దారులను ఒకేసారి నడిపించే ఇటువంటి ఆలోచన మాటలను గుర్తించే యంత్రాలకూ పనికివచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి నాయకత్వాన, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1976 నాటికి తయారైన ‘హార్పీ’ 1,011 మాటలను గుర్తించేది. అది ఆశాజనకమైన దారులనే ఉంచుకొని, మిగిలినవి వదిలేసేది. పని తగ్గింది. కాని సరైన దారే జారిపోయే ప్రమాదం మిగిలింది.

మూడవది పట్టిక పద్ధతి. దీని సూత్రాన్ని రాబిన్, స్కాట్ 1959లో చూపారు. రాగల పట్టీలన్నిటికీ ముందే అంకెలు వేసి, ఏ అక్షరం వస్తే ఏ అంకెకు పోవాలో పట్టికలో రాసి ఉంచుతారు. ఆపైన అక్షరానికి ఒక్క చూపు చాలు. వేగంలో ఇదే మేటి. మరి ఖర్చు? క, గ అక్షరాల వరుసలో “చివరి నుంచి 10వ అక్షరం క” అనే నమూనాకు పట్టికలో 1,024 వరుసలు కావాలి. 20వ అక్షరమైతే 10,48,576! అందుకే గూగుల్ 2010లో విడుదల చేసిన ‘ఆర్‌ఈ2’ పట్టికను అవసరమైనంతే నింపుతుంది. చోటు నిండితే చెరిపి మళ్లీ మొదలుపెడుతుంది.

అయితే మొదటి పద్ధతి ఇంకా ఎందుకుంది? గలగల, కిలకిల, చకచక వంటి మాటలు చూడండి. “మొదట వచ్చిన ముక్కే మళ్లీ రావాలి” అనే నమూనా, ముక్క ఎంత పొడవైనా, మొదటి పద్ధతికి సాధ్యం. మిగిలిన రెండింటికీ కాదు.

ఎంపికలో ఏమరుపాటు ఖరీదైనది. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ కంప్యూటర్లు వెనక్కు తిరిగే పద్ధతిలో ఒకే ఒక్క నమూనాను పోల్చలేక ఉక్కిరిబిక్కిరయ్యాయి. దాదాపు 27 నిమిషాలు ప్రపంచమంతటా ఎన్నో వెబ్‌సైట్లు తెరుచుకోలేదు.

4 పిక్కలు పేర్చి, ఎన్ని విధాలుగా కుప్పలు చేయవచ్చో లెక్కించండి. 8 రావాలి. తరువాత 5వ పిక్క చేర్చి చూడండి.