గాజు కన్నుల బొమ్మలు

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు టొడ్డున నెలకొన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు ఒక చిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. అంతవరకు గదులన్నీ కలయదిరుగుతున్న జనం ఒక గడియారం ముందర చేరి కూర్చుంటారు. గంటకు మూడు నిమిషాల ముందు గడియారంలోని చిన్న తలుపు తెరచుకుంటుంది. చిన్న మనిషి బొమ్మ ఒకటి వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి, మరల లోపలికి పోతుంది. మరొక ప్రక్క కమ్మరి బొమ్మ సెకనుకొక దెబ్బ వంతున సుత్తితో కొడుతూనే ఉంటుంది. కాలమెంతైనదో అందరి చేతి గడియారాలూ చెప్పగలవు. అయినా వృద్ధులు సైతం ఆ బొమ్మ రాకకై పసివారివలె ఎదురుచూస్తారు. ప్రాణం లేని ప్రతిమలో ప్రాణమున్నట్లు భ్రమించి, భ్రమ అని తెలిసియే ఆనందించడం మానవునికి సహజమైన గుణం. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో సింహాసనపు మెట్లమీది సాలభంజికలు కథలు చెబుతుంటే పాఠకుడు నమ్మకపోవడానికి ప్రయత్నించడు గదా!

ఈ మ్యూజియంలోని అపూర్వ సంపదలో అధికభాగాన్ని సేకరించినవాడు మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1889లో జన్మించి, 1912లో ఏడవ నిజాము కొలువులో ప్రధానమంత్రియై, 1914లో ఆ పదవిని విడనాడాడు. తరువాతి ముప్పది అయిదేండ్ల జీవితం వస్తు సేకరణకే అంకితమైంది. ఆయన వివాహం చేసుకోలేదు, సంతానం లేదు. అయినను ఆ సేకరణలో బాలల విభాగమంటూ ఒకటి ఏర్పడేటంతటి ఆటవస్తువులున్నాయి. ఆడుకొనే బిడ్డలు లేని దేవిడీకి ఆటబొమ్మలు ఎందుకు వచ్చి చేరాయి? బొమ్మల సేకర్తలందరి విషయంలోను ఈ ప్రశ్న వేసుకోవలసిందే. ఆయన 1949లో మరణించాక, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో ఈ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1968లో అది ఇప్పటి భవనానికి తరలింది.

ఇందులోని ఫ్రెంచి వస్తువులలో ఎక్కువమందిని నిలువరించేది పందొమ్మిదవ శతాబ్దికి చెందిన ఒక జంట విగ్రహం. ఒకే కొయ్యలో ముందువైపు గర్వంతో నిలిచిన మెఫిస్టాఫిలిస్, వెనుకవైపు తలవంచుకొన్న మార్గరెట్టా చెక్కబడి ఉన్నారు. వెనుక అద్దం ఉండబట్టి రెండు రూపాలూ ఒకేసారి కంటబడతాయి. ప్రతిమను వెనుకనుండి కూడా చూడాలన్న పాఠాన్ని ఈ విగ్రహం నేర్పుతుంది. అదే శతాబ్దిలో పారిస్ పరిసరాల తయారైన ఆటబొమ్మలను వెదకి కొనేవారు సైతం మొదట చూసేది బొమ్మ ముఖాన్ని కాదు, మెడ వెనుకభాగాన్నే. విగ్గు తొలగించి చూస్తే అక్కడ తయారీదారు గుర్తు ఉంటుంది. జుమో సంస్థవారి బొమ్మలపై పేరుగాని, పొడి అక్షరాలుగాని ఉంటాయి. బ్రూ సంస్థవారి తొలినాటి పిల్లబొమ్మలపై వలయమూ చుక్కా కనిపిస్తాయి. ఆ చిన్న గుర్తుమీదనే బొమ్మ వెల చాలవరకు ఆధారపడి ఉంటుంది.

పియర్ ఫ్రాంస్వా జుమో 1840ల నాటికే బొమ్మల వ్యాపారంలో ఉన్నాడు. ఆ కాలపు బొమ్మలు బాలికల రూపంలో ఉండేవి కావు. నడుము సన్నని యువతులుగా, పెట్టెనిండా పట్టుగౌనులు, టోపీలు, చేతితొడుగులతో, కొత్తకోడలి సారెవలె సంపన్నుల ఇండ్లకు చేరేవి. 1870ల తరువాత ఆయన కుమారుడు ఎమీల్ జుమో కాలంలో బాలిక రూపం గల ‘బెబె’ బొమ్మ ప్రాచుర్యం పొందింది. 1878 పారిస్ ప్రదర్శనలో లభించిన స్వర్ణపతకాన్ని ఆ సంస్థ బొమ్మల వీపుమీదనే ముద్రించి చాటుకొన్నది. దీనికి రెండేండ్లముందు, 1876లో, మొదటి సాలార్‌జంగ్ ఐరోపాకు వెళ్ళి రోమునగరంలో ‘ముసుగు రెబెక్కా’ పాలరాతి విగ్రహాన్ని కొన్నాడు. రాతిలో ముసుగు పలుచదనాన్ని తేవడం బెంజోనీ నేర్పు అయితే, మట్టిలో పసిచెక్కిలి మెత్తదనాన్ని తేవడం ఈ బొమ్మలవారి నేర్పు.

ఆ మెత్తదనపు రహస్యం మెరుగుపూత లేని పింగాణిలో ఉంది. దీనిని బిస్క్ అంటారు. మెరుగుపూత పూసిన పింగాణి కాంతిని వెనుకకు కొట్టి గిన్నెవలె తళతళలాడుతుంది. పూత లేనిది కాంతిని కొంత తనలో ఇముడ్చుకొని చర్మంవలె కనిపిస్తుంది. సన్నని మట్టిని అచ్చులో పోసి తలను తయారుచేసి, కాల్చి, నునుపుగా రుద్ది, చెక్కిళ్ళకు ఎరుపు, కనురెప్పలకు ఒక్కొక్క వెంట్రుకగా గీతలు దిద్ది, మరల తక్కువ వేడిమిలో కాల్చేవారు. రంగు అందులో స్థిరపడుతుంది. నూరేండ్లైనా ఆ చెక్కిళ్ళ అరుణిమ వెలవెలపోకుండటానికి కారణమిదే. తలపై బెరడు మూత, దానిమీద అంగోరా మేక ఉన్నితో చేసిన జుట్టు. దేహం తోలుతోనో, రంపపుపొట్టు జిగురుల మిశ్రమంతోనో తయారయ్యేది. మన కొండపల్లి బొమ్మల అతుకులకూ రంపపుపొట్టు చింతగింజల పిండి కలిపిన మక్కే ఆధారం కావడం ముచ్చటైన పోలిక.

అన్నింటికన్న ముఖ్యం కన్నులు. గాజులో రంగుల పోగులు పొరలు పొరలుగా అమర్చి, పైన స్వచ్ఛమైన గాజును ఉబ్బెత్తుగా పోస్తారు. లోతు ఏర్పడటంవల్ల, చూసేవాడు ప్రక్కకు జరిగినా బొమ్మ చూపు తన వెంట వస్తున్నట్లే తోస్తుంది. ఒక సేకర్త బొమ్మను కొన్నాడనడం కంటె ఆ చూపు అతనిని కొన్నదనడం సమంజసం.

అయితే ఈ అనురాగంలో ఒక క్రూరమైన మెలిక ఉంది. సేకర్తలు తలలోపల చిన్న దీపముంచి పరీక్షిస్తారు. వెంట్రుకవాసి బీట ఉన్నా వెలుగులో బయటపడుతుంది; వెల పడిపోతుంది. దుస్తులు తొలినాటివే కావాలి. బూట్లు మారరాదు. చేతివ్రేళ్ళు విరగరాదు. కొన్ననాటి పెట్టె ఉంటే మరీ శ్రేష్ఠం. అంటే ఏ బొమ్మతో ఏ పాపా మనసారా ఆడుకోలేదో దానికే గొప్ప వెల! రాత్రులు ప్రక్కలో పడుకోబెట్టుకొని, స్నానం చేయించి, జుట్టు దువ్వి దువ్వి ఊడగొట్టిన బొమ్మ తన ధర్మాన్ని నెరవేర్చి అంగడిలో చౌకైపోయింది. ఈ సంగతి గ్రహించిన కొందరు సేకర్తలు మాత్రం అరిగిన పెదవులు, ఎవరో తల్లి చేతికుట్టుతో సరిచేసిన గౌను గల బొమ్మలనే కోరి ఎన్నుకొంటారు. వారిదే నిజమైన రసికత అనిపిస్తుంది; వేలంపాటలు మాత్రం వారివైపు లేవు.

తెలుగువారి ఇండ్లలోని బొమ్మలు ఈ అంగడికి చేరకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు తీర్చినప్పుడు పెట్టెలనుండి నాయనమ్మల నాటి కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క పిడతలు వెలికివస్తాయి. తెల్లపొణికి కొయ్య తేలికైనది, మెత్తనిది. రంగు పోతే మరల వేయించుకొంటారు, విరిగితే అతికించుకొంటారు. మెడ వెనుక చెక్కినవాని పేరుండదు. ఏ బొమ్మ ఎవరి చేతి పనితనమో ఆ వీధివారికి తెలిసేది. వారితోనే ఆ జ్ఞానమూ పోయింది. రంగు పోయిన బొమ్మను అటకమీదనుండి దించి పారవేసేవారు, పింగాణి బొమ్మకు పెట్టే వెల విని నివ్వెరపోతారు.

ఫ్రెంచి బొమ్మల వైభవం చిరకాలం నిలువలేదు. జర్మనీవారు తక్కువ వెలకు చక్కని తలలు తయారుచేయగా, పోటీకి తట్టుకోలేక 1899లో జుమో, బ్రూ మొదలైన సంస్థలన్నీ ఒక్కటిగా కలిసిపోయాయి. చివరి మెరుపు 1938 నాటిది. బ్రిటిషు రాజదంపతులు పారిస్ వచ్చిన సందర్భంలో వారి కుమార్తెలు ఎలిజబెత్, మార్గరెట్‌లకు ‘ఫ్రాన్స్’, ‘మరియాన్’ అనే రెండు బొమ్మలను కానుకగా ఇచ్చారు. పారిస్‌లోని ప్రసిద్ధ సంస్థలు వాటికి దుస్తులు, నగలు, చేతిసంచులు వందలకొలది సమకూర్చాయి. మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. ఆ సారె ఇప్పుడు విండ్సర్ కోటలో అద్దాల వెనుక ఉంది.