కళాశాల విద్యార్థికి ఆటయు చదువును

కళాశాలకు పంపిన పిల్లవాడు కబడ్డీ జట్టులో చేరెనని తెలియగానే మన యిండ్లలో రెండు మాటలు పుట్టును. "ఇంక చదువు చెడినట్లే" యని తండ్రి యనును. "ఆడనిండు, ఆ యాటవలననే కొలువు వచ్చును" అని మేనమామ యనును. రెండును తొందరపాటు మాటలే. పాండవులు వేదాధ్యయనముతోబాటు ద్రోణునికడ ధనుర్విద్యయు నేర్చిరి గదా! ఒకటి రెండవదానికి శత్రువని వారి పెద్దలు తలపలేదు.

ఇచ్చట చిక్కంతయు కాలమునుగూర్చినది. ఆలేరు వాగుపై 1922లో పూర్తియైన మన పోచారము ఆనకట్టను చూడుడు. చెరువు నిండి అలుగు పారిన యేటను, తూము ఎప్పుడు తెరువవలెనో, ఎన్నాళ్ళు విడువవలెనో ముందుగా నిర్ణయింపనిచో కాలువ చివరి మడికి నీరందదు. విద్యార్థి దినమును అట్టిదే. ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు సాధన, నడుమ తరగతులు, రాత్రి రెండు గంటల పఠనము, ఎనిమిది గంటల నిద్ర. ఈ నిద్రను కోసి చదువునకు కలుపుట పలువురు చేయు పని. అది విత్తనపు వడ్లు వండుకొని తినుటయే. చదివినది మనస్సున నిలుచుటయు, అలసిన కండరములు కోలుకొనుటయు నిద్రలోనే జరుగును.

ఇక హాజరు లెక్క. సాధారణముగా నూటికి 75 వంతులు హాజరు లేనివానిని పరీక్షకు కూర్చుండనీయరు. అర్ధసంవత్సరమున 90 పనిదినము లున్నచో, తప్పిపోదగినవి 22 మాత్రమే. విశ్వవిద్యాలయముల నడుమ జరుగు పోటీలకు ఒక్కమారు పోయివచ్చుటకే ప్రయాణముతో వారము పట్టవచ్చును. పైగా జ్వరములు, పెండ్లిండ్లు, మన నాట్లు. నాట్లకు పిలిపించు తండ్రియే పిదప ఆటను నిందించుట నేను చూచియున్నాను.

మన పాత జిల్లాలోనే యొక యుదాహరణము గలదు. కామారెడ్డి జిల్లా 2016లో వేరుపడువరకు మనమును నిజామాబాదు వారమే. ఆ నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2011లోనే బాలికల ముష్టియుద్ధమున ప్రపంచ విజేత యయ్యెను. పిమ్మట హైదరాబాదులోని ఏ.వి. కళాశాలలో బి.ఏ. చదివెను. 2017లో విశ్వవిద్యాలయముల పోటీలోనే ఆమె భుజము తొలగెను. శస్త్రచికిత్స జరిగి యించుమించు ఏడాది ఆటకు దూరమయ్యెను. క్రీడాకారునికి పుస్తక మెందుకని యడుగువారు ఈ ఏడాదిని తలపవలెను. ఒక్క దెబ్బతో భుజము మూలపడవచ్చును. ఆమె మరల లేచి 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత యయ్యెను. 2024 పారిస్ ఒలింపిక్సులో పతకము రాలేదు. ఆ యేడే రాష్ట్ర ప్రభుత్వము డీఎస్పీ పదవి నిచ్చెను. అయినను అట్టి పదవి ప్రతి క్రీడాకారునికిని దొరకునని మేనమామలు భ్రమపడరాదు.

ఇంకను దగ్గరి మాట. పాకాల గ్రామమునకు చెందిన కూలివారి బిడ్డ మాలావత్ పూర్ణ, మన తాడ్వాయి గురుకులమున చదువుచు, 2014 మే 25న, పదుమూడేండ్ల వయస్సున ఎవరెస్టు శిఖర మెక్కెను. ఎవరెస్టు నెక్కుటకు అనువైన మే మాసమే మన బడుల వేసవి సెలవుల కాలము కూడను. ప్రతి యాటకు ఇట్టి సెలవు దొరకదు. పరీక్షయు పోటీయు ఒకే వారమున పడుట తరచు. అట్టి యేట ఏది విడువవలెనో విద్యార్థియు తల్లిదండ్రులును ముందే తేల్చుకొనవలెను గాని, బస్సెక్కు రోజున గాదు. చివరి సంవత్సరమైనచో పరీక్షయే మేలని నా యభిప్రాయము.

మఱియొక పని పెద్దలు చేయదగినది గలదు. జట్టుతో పోయిన దినములను అనేక కళాశాలలు హాజరుగా నెంచును. కాని అందులకు వ్యాయామాధ్యాపకుని లేఖ ప్రయాణమునకు ముందే కార్యాలయమున చేరవలెను. పిల్లలు దీనిని మఱతురు. తిరిగివచ్చిన పిదప తిరిగినను గుమాస్తా వినడు. కనుక పోటీకని డబ్బు అడుగవచ్చినప్పుడు, ఆ లేఖ నకలు చూపుమని యడుగుడు.