కుడుములు తెప్పించిన సంధి

శుభలేఖలో ‘సకల బంధుమిత్రులు’ అని యుండవలసిన చోట కంపోజిటరు చేతి చలువ వలన ‘శకల’ అని పడినచో, రావలసిన చుట్టములు తునుకలై రావలసి వచ్చును. స్వజనమును ‘శ్వజన’మన్నవాడు తనవారినందఱిని కుక్కలను చేసినవాడగును. పసివాడు ‘మాయమ్మ వచ్చిన’దన్న, ఆ యకారము యడాగమమని యెఱుగనివాడు మాయలాడి యేదో యింట చొరబడినదని భయపడినను తప్పులేదు.

అయితే ఈ జాతి పొరపాటులలో పెద్దపీట మన సాతవాహన రాజు చేసినదానికే వేయవలెను. 11వ శతాబ్దివాడైన కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పిన ప్రకారము, వసంతవేళ రాజు రాణులతో జలక్రీడలాడుచు నీళ్లు చిమ్ముచుండగా, సుకుమారియైన యొక రాణి యలసి, ‘మోదకైః’ అని సంస్కృతమున మొదలిడి యేదో వేడుకొనెను. ‘మా’ యనగా వలదు, ‘ఉదకైః’ అనగా నీళ్లతో; నన్ను నీళ్లతో కొట్టవలదని యామె భావము. ‘మహోత్సవము’ను విడదీయు బడిపిల్లవానికిని తెలిసిన గుణసంధి ఆ రెంటిని కలిపి మోదకములను చేసినది. రాజు సంధి విడదీయలేదు, కుడుములు తెప్పించెను!

రాణి పకపక నవ్వి, నీళ్లలో కుడుములకేమి పని, సంధియే కాదు, సందర్భమును తెలియరేమని యెత్తిపొడిచినదట. ఈ రెండవ మాటయే నాకు గట్టిదిగా తోచును. వ్యాకరణము చదువని కోట్లకొలది జనము ఒకరి మాటనొకరు సరిగా గ్రహించుచున్నారన్న, అది సూత్రముల వలన గాదు. ఎవరు, ఎచ్చట, ఏ పనిలోనుండి పలికిరో కనిపెట్టి యుండుట వలననే. కొలనిలో నీళ్లదెబ్బలకు సొలసిన యింతి భక్ష్యములతో కొట్టుమని యేల కోరునని క్షణమాలోచించిన, అక్షరము రానివాడైనను కుడుములకు కబురంపడు. అయినను సవతుల యెదుట మగని నంతగా నవ్వుట కొంత కఠినమే.

సిగ్గుపడిన రాజు మంచము పట్టి, పాండిత్యమో మరణమో తేలవలెననెను. పన్నెండేండ్లు పట్టు వ్యాకరణమును ఆఱేండ్లలో నేర్పెదనని మంత్రియైన గుణాఢ్యుడనగా, ఆఱు నెలలు చాలునని మఱియొక మంత్రి శర్వవర్మ పందెము వేసి, కుమారస్వామి యనుగ్రహమున కాతంత్ర వ్యాకరణమును బడసి గెలిచెను. ఓడిన గుణాఢ్యుడు పందెము ప్రకారము సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడిచి, అడవులు పట్టి, పైశాచీభాషలో బృహత్కథ రచించెను. ఇందు చరిత్ర యెంతయో గాని, కాతంత్రము మాత్రము బెంగాలు, కాశ్మీరములలో చిరకాలము పాఠ్యగ్రంథమై నిలిచినది. బృహత్కథ మూలము ఇంతవఱకు దొరకలేదు.