ఎలిమినేటర్ వారసులు

1920ల తొలినాళ్లలో ఇంట్లో రేడియో ఉందంటే బ్యాటరీలనూ పోషించాల్సిందే. వాల్వుల ఫిలమెంట్లు వేడెక్కడానికి ఒకటి, ప్లేట్లకు పదుల వోల్టులివ్వడానికి మరొకటి. మొదటిదాన్ని ఛార్జింగ్‌కు మోసుకెళ్లాలి, రెండోది అయిపోతే పారేసి కొత్తది కొనాలి. ఆ బాధ తప్పించడానికి అమెరికాలో గోడ కరెంటును రేడియోకు పనికొచ్చేలా మార్చే పెట్టెలు వచ్చాయి. అవే బ్యాటరీ ఎలిమినేటర్లు. టొరంటోలో ఎడ్వర్డ్ రోజర్స్ 1925లో ఏకంగా బ్యాటరీలే అక్కర్లేని రేడియోను జనం ముందుకు తెచ్చాడు. విచిత్రమేమిటంటే, బ్యాటరీల వ్యాపారం మీదే బతికిన ఫిల్కో కంపెనీ కూడా ఎలిమినేటర్లు అమ్మింది.

మన దగ్గర టేప్ రికార్డర్ల కాలం దాకా ఆ పేరే నడిచింది. 3, 4.5, 6, 7.5, 9, 12 అంకెలున్న స్విచ్చు, వైరు చివర రకరకాల పిన్నులు. లోపల ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్, అంతే. వోల్టేజీని నిలకడగా ఉంచే ఏర్పాటు చాలావాటిలో ఉండేది కాదు. అందుకే 9 అని రాసి ఉన్నది లోడు లేనప్పుడు మీటర్‌పై 12, 13 చూపేది. టేప్ రికార్డర్ దాన్ని ఓర్చుకుంది. ఇప్పటి వైఫై రౌటర్ ఓర్చుకుంటుందన్న హామీ లేదు, కాబట్టి అటకమీది ఆ నల్ల డబ్బాను అక్కడే ఉండనివ్వండి.

ఆ డబ్బా అంత బరువుండటానికి కారణం 50 హెర్ట్జ్. సెకనుకు 50 సార్లే ఊగే కరెంటుకు పెద్ద ఇనుప కోర్ కావాలి. అదే కరెంటును ముందు డీసీ చేసి, ట్రాన్సిస్టర్‌తో సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ ఉంటే, అగ్గిపెట్టెలో పట్టే ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. దీన్నే స్విచింగ్ సప్లై అంటారు. 1977లో వచ్చిన యాపిల్ 2 కంప్యూటర్‌కు రాడ్ హోల్ట్ అనే ఇంజినీరు ఇలాంటిదే తయారుచేశాడు. తర్వాత అది చవకై, అరచేతి అడాప్టర్‌లోకి దిగింది.

ప్రమాదమూ దాంతోపాటే దిగింది. మన 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే దాదాపు 325 వోల్టులవుతుంది. అది తిరిగే వైపుకూ మన చేతికి తగిలే వైపుకూ మధ్య ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ, చుట్ల మధ్య ఇన్సులేషన్. బజార్లో నాసిరకం సరుకు కోతపెట్టేది సరిగ్గా అక్కడే. ఖాళీ తగ్గుతుంది, ఇన్సులేషన్ టేపు పలచబడుతుంది, ఫ్యూజు మాయమవుతుంది. పైన ప్లాస్టిక్ మాత్రం అసలుదానిలాగే మెరుస్తుంది.

పాత అడాప్టర్ పోయి కొత్తది వెతికేటప్పుడు పిన్ను సైజు చూసి ఊరుకోవద్దు, లేబుల్ చదవాలి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా, 1 ఆంపియర్ కావాల్సిన రౌటర్ 1 ఆంపియరే తీసుకుంటుంది. తక్కువైతే అడాప్టర్ కాగుతుంది, పరికరం మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. పోలారిటీని చాలామంది పట్టించుకోరు. మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది లేబుల్‌పై చిన్న బొమ్మలో ఉంటుంది. పాత క్యాసియో కీబోర్డులు చాలావాటికి మధ్యలో మైనస్, కొత్తవాటికి ప్లస్. కంపెనీ ఒకటే కదా అని తగిలిస్తే కీబోర్డు కాలిపోవచ్చు. 5.5 మిల్లీమీటర్ల ప్లగ్గుల్లో లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు కొలతలు కూడా ఉన్నాయి. వదులుగా ఉన్నది నిప్పురవ్వలు రాలుస్తుంది.

ఈ గందరగోళానికి యూఎస్‌బీ-సి కొంత మందు వేసింది. ఈ అడాప్టర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది; ఎక్కువ కావాలని పరికరం అడిగాకే పెంచుతుంది, 2021 నాటి ప్రమాణంలో 48 వోల్టుల దాకా. యూరోపియన్ యూనియన్‌లో కొత్త ఫోన్లకు 2024 డిసెంబరు 28 నుంచి ఇదే తప్పనిసరి. రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు చాలావరకు ఇంకా గుండ్రటి పిన్నునే నమ్ముకున్నాయి.

మన దేశంలో ఐటీ పరికరాల అడాప్టర్లకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. లేబుల్‌పై 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరుంటుంది. గుర్తు ముద్రించడం ఎవరికైనా తేలికే కాబట్టి, డబ్బు కట్టేముందే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు, వస్తువు పేరు కలవకపోతే కౌంటర్ మీదే వదిలేసి రండి.